నిచ్చెన పట్టుకొనువాడెవడు?

ధ్యాన భాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, 2 సమూయేలు 23:13-17, లూకా 13:4



డిసెంబరు మాసము సమీపించగానే మన సంఘములన్నిటిలోను నిచ్చెనలు బయటికి వచ్చును. గోడలకు సున్నము, తలుపులకు రంగు, గోపురముమీద నక్షత్రము. ఈ పనులన్నిటికిని ఎవడో ఒకడు పైకి ఎక్కవలెను. ఎక్కువాడు ఒకడు, ఎక్కించువారు అనేకులు. ఈ మాసము ఆ ఎక్కించువారిని గూర్చి, అనగా మనలను గూర్చియే, కొంచెము ఆలోచింపగోరుచున్నాము. దీనికి కారణము మా మనస్సును విడువని ఒక దినము.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక పట్టణపు సంఘములో పండుగ ఏర్పాట్లు మా చేతిలో నుండెను. సున్నము వేయుట ముగిసెను. దేవాలయపు ముందు గోడ కొసన నక్షత్రము కట్టుట మాత్రము మిగిలెను. మాయొద్ద నున్న వెదురు నిచ్చెన అంత ఎత్తునకు చాలదు గనుక రెండు నిచ్చెనలను కొబ్బరి త్రాటితో జోడించి ఒకటిగా కట్టించితిమి. సున్నము వేసిన పనివాడు, ఏబది ఏండ్లు దాటినవాడు, నాలుగు మెట్లెక్కి చూచి దిగివచ్చెను. "అయ్యగారూ, నిచ్చెన ఊగుతున్నదండీ. రేపు సరుగుడు బాదులు తెచ్చి పరంజా కట్టుకొని ఎక్కుతాను" అని చెప్పెను. ఆ రాత్రియే యౌవనస్థుల జట్టు పాటలు పాడుచు ఇంటింటికి బయలుదేరవలసియుండెను. వారు బయలుదేరు వేళకు నక్షత్రము వెలుగవలెనని మా కోరిక. "అరగంట పనే గదా, కానివ్వు. క్రింద అబ్బాయి పట్టుకొనును" అని మేమంటిమి. అతడు కొంచెముసేపు ఊరకుండి, "సరేనండి" అని ఎక్కెను.

అంతలో షామియానా సామానుతో బండి వచ్చెను. దింపుటకు మనుష్యులు చాలలేదు. "ఒక్క నిమిషము ఇటు రా, బాబూ" అని నిచ్చెన నొద్ద నున్న అబ్బాయిని పిలిచినది మేమే. అతడు వచ్చెను. అతడు మాయొద్దకు చేరకముందే నిచ్చెన జారిన చప్పుడు వింటిమి.

అతడు పడినది సుమారు పదునైదు అడుగుల ఎత్తునుండి. అంత ఎత్తునుండి పడు మనిషి ఒక సెకను గడవకముందే నేలను తాకును. అప్పుడతని వేగము గంటకు దాదాపు 34 కిలోమీటర్లుండును. మేము అబ్బాయిని పిలిచినది ఒక్క నిమిషమునకు. పడుటకు అంత కాలము అక్కరలేకపోయెను. అతని తుంటి ఎముక విరిగెను. ప్రాణము దక్కెను గాని అతడు మరల నిచ్చెన ఎక్కలేదు. ఎక్కుటయే అతని జీవనోపాధి.

మేము ఆసుపత్రికి వెళ్లితిమి. సంఘములో చందా ఎత్తి ఇచ్చితిమి. ప్రార్థన చేసితిమి. అతడు మంచముమీద నుండి, "నాదే పొరపాటండి, కాలు సరిగా వేయలేదు" అని చెప్పెను. ఆ మాట విన్నప్పుడు మాకు ఊరట కలిగెను. నేటివరకును మమ్మును బాధించునది ఆ ఊరటయే.

ఆ దినములలో మాలో మేము మూడు మాటలు చెప్పుకొంటిమి. మొదటిది, అతడు జాగ్రత్తపడలేదు. రెండవది, అతడే ఒప్పుకొని ఎక్కెను. మూడవది, దేవుని చిత్తము అట్లున్నది. ఈ మూడు మాటలును నేడు మేడలు కట్టు ప్రతి చోట వినబడుచున్నవి. వీటిని ఒక్కొక్కటిగా వెలుగులోనికి తెచ్చి చూతము.

అతడు జాగ్రత్తపడలేదా?

నిచ్చెన ఎట్లు నిలుచునో, ఎట్లు పడునో మనలో చాలమంది ఎన్నడును ఆలోచించియుండము. గోడకు ఆనించిన నిచ్చెన పై కొనతో గోడను నెట్టుచుండును; దాని కాళ్లు నేలమీద వెనుకకు జారజూచుచుండును. నేలకును కాళ్లకును మధ్యనున్న రాపిడియే ఆ జారుటను ఆపుచున్నది. మనిషి క్రింది మెట్లమీద నున్నంతసేపు ఆ నెట్టు కొంచెమే. అతడు పైకి పోవుకొలది అది పెరుగును. కాబట్టి మొదటి నాలుగు మెట్లమీద చక్కగా మోసిన నిచ్చెన చివరి మెట్లకు చేరునప్పటికి జారిపోవచ్చును. "ఇంతవరకు ఏమియు కాలేదు గదా" అను మాట నిచ్చెన విషయములో ఎంతమాత్రమును నమ్మదగినది కాదు.

నిచ్చెన మరీ వాలుగా నుండిన కాళ్లు జారును. మరీ నిటారుగా నుండిన మనిషితో కూడ వెనుకకు పడును. అందువలన పనిలో ఆరితేరినవారు ఒక కొలత పెట్టుకొన్నారు. నిచ్చెన ఎంత ఎత్తున గోడకు ఆనునో అందులో నాలుగవ వంతు దూరమున దాని కాళ్లుండవలెను. 16 అడుగుల ఎత్తున ఆనినచో కాళ్లు గోడకు 4 అడుగుల దూరమున నుండవలెను. డాబామీదికి దిగవలసినచో నిచ్చెన కొన డాబా అంచుకు పైన కనీసము 3 అడుగులు నిలిచియుండవలెను. లేనియెడల దిగువానికి పట్టుకొనుటకు ఏమియు నుండదు. పై కొనను త్రాటితో గట్టిగా కట్టవలెను. కట్టునంతవరకు ఒకడు క్రింద పట్టుకొనవలెను. పొడుగాటి నిచ్చెన జారుట మొదలు పెట్టిన తరువాత క్రిందనున్న మనిషి బలము దానిని ఆపజాలదు, కట్టినదే నిలుచును. చిన్న నిచ్చెనలు రెండు జోడించి పెద్దదానిని చేయరాదు. వెదురు నిచ్చెనకు, కర్ర నిచ్చెనకు రంగు పూయరాదు. రంగు క్రింద చీలిక కనబడదు. కరెంటు తీగెలున్నచోట ఇనుప నిచ్చెనగాని అల్యూమినియము నిచ్చెనగాని నిలుపరాదు.

ఎక్కువాడు చేయవలసినవి కూడ కలవు. ముఖము నిచ్చెనవైపే యుండవలెను. రెండు కాళ్లును ఒక చేయియు, లేక రెండు చేతులును ఒక కాలును, ఎల్లప్పుడు నిచ్చెనను అంటియుండవలెను. రంగు డబ్బాను చేత పట్టుకొని ఎక్కక, పైకి వెళ్లిన తరువాత త్రాటితో లాగుకొనవలెను. అందని చోటికి ప్రక్కకు వంగక, దిగి నిచ్చెనను జరుపుకొనవలెను. మన దేశమున ప్రమాణములు నిర్ణయించు సంస్థ 1991లో నిచ్చెనల భద్రతకే ప్రత్యేకముగా ఒక నియమావళిని ప్రకటించెను. దాని సంఖ్య ఐ.ఎస్. 3696, రెండవ భాగము. కాబట్టి ఇవి ఎవరికిని తెలియని రహస్యములు కావు.

ఇప్పుడు లెక్క చూడుడి. నిచ్చెన మంచిదా, పొడవు చాలునా, నేల గట్టిదా, పై కొన కట్టబడినదా, తీగెలలో కరెంటు ఆపబడినదా, పనికి తగిన వ్యవధి ఇయ్యబడినదా? ఇవన్నియు పనివాడు మొదటి మెట్టుమీద కాలు పెట్టకముందే తీర్మానింపబడినవి. తీర్మానించినది డబ్బు ఇచ్చువాడు, పని చెప్పువాడు. పనివాని వంతు అతని చేతులు, కాళ్లు, కన్నులు. ఆ దినమున మా నిచ్చెన జోడించినది, కట్టనిది, ఊగునది, పట్టుకొనువాడు లేనిది. ఆ నాలుగింటిలో ఏదియు అతడు చేసినది కాదు. అయినను "కాలు సరిగా వేయలేదు" అని అతడు చెప్పగా మేము నమ్మితిమి. బీదవాడు తన తప్పుగా ఒప్పుకొనుట పెద్దవారికి ఎంత అనుకూలమైన సాక్ష్యము!

సిలోయములో గోపురము కూలి పదునెనిమిదిమంది చనిపోయిరి. యెరూషలేములో జరిగిన ఆ సంగతిని గూర్చి ప్రభువు జనులను ఒక ప్రశ్న అడిగెను: చచ్చినవారు పట్టణములోని తక్కినవారికంటె ఎక్కువ దోషులని మీరనుకొనుచున్నారా? కాదని ఆయనయే జవాబు చెప్పి, వినుచున్నవారిని తమ్మును తాము చూచుకొనుడని హెచ్చరించెను. పడినవానిలో తప్పు వెదకుట మనుష్యులకు ప్రాతకాలము నుండియు ఉన్న అలవాటు. ప్రభువు ఆ వేలును పట్టుకొని చూపుచున్నవాని వైపునకే త్రిప్పెను.

అతడే ఒప్పుకొనెను గదా?

రెండవ మాట మరింత బలముగా కనబడును. మేమతనిని బలవంతముగా ఎక్కించలేదు. అతడు పసివాడు కాడు, అపాయమెరిగినవాడు, కూలి పుచ్చుకొన్నవాడు. తెలిసి ఒప్పుకొనినవానికి కలిగిన నష్టమునకు మరియొకడెట్లు ఉత్తరవాది యగును?

ఈ వాదము చాల కాలము న్యాయస్థానములలో నిలిచియుండెను. 1837లో ఇంగ్లాండులో మాంసపు వర్తకునియొద్ద పనిచేయు ఒక యువకుడు మోయలేనంత బరువెత్తిన బండిమీద పోవుచుండగా బండి విరిగి అతని తొడ ఎముక విరిగెను. అతడు యజమానునిమీద వ్యాజ్యెము వేసెను. అపాయముగా తోచిన పనిని సేవకుడు కాదనవచ్చును గదా అని తలంచి న్యాయస్థానము యజమానుని పక్షముగా తీర్పు చెప్పెను. ఆ తీర్పు నీడలో అనేక సంవత్సరములు అనేక కుటుంబములు ఆకలితో నుండెను. కడకు 1897లో బ్రిటిషు పార్లమెంటు పనివారి నష్టపరిహార చట్టమును చేసెను; తప్పెవరిదని వెదకక, పనిలో గాయపడినవానికి యజమానుడు ఇయ్యవలెనని దాని మూలసూత్రము. మన దేశములో అటువంటి చట్టము 1923లో వచ్చెను. "తెలిసి ఒప్పుకొనెను" అను మాట చాలదని లోకముకూడ నేర్చుకొనెను.

ఎందుకు చాలదు? కాదనగలిగినవాడు ఔననినప్పుడే ఆ ఔనునకు విలువ గలదు. దినకూలి మనిషి పనిని కాదనినచో ఆ దినపు కూలి పోవును. మరునాడు మేస్త్రీ అతనిని పిలువకపోవచ్చును. ఇంటిలో బియ్యపు డబ్బా అడుగంటియుండును. పాలమూరు నుండియు శ్రీకాకుళము నుండియు ఇల్లు విడిచి దూరదేశములకు పోయి ఆనకట్టలు, మేడలు కట్టినవారు ఎన్నిసార్లు ఈ "సరేనండి" చెప్పియుందురు! మా పనివాడు మొదట కాదనెను గదా. అతడు చెప్పిన నిజమైన మాట అదే. రెండవసారి చెప్పినది మా మాటయే, అతని నోట.

ఇక్కడ దావీదు కథ మాకు తోడువచ్చును. అతడు అదుల్లాము గుహలోనున్నప్పుడు బేత్లెహేము ఫిలిష్తీయుల చేతిలో నుండెను. దప్పిగొని, ఆ ఊరి గుమ్మమునొద్దనున్న బావినీళ్లు దొరికిన ఎంత బాగుండునని దావీదు అనెను. అది ఆజ్ఞ కాదు, నిట్టూర్పు మాత్రమే. ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండును చీల్చుకొని పోయి ఆ నీళ్లు తెచ్చిరి. ఎవరును వారిని పంపలేదు. వారు ఇష్టపూర్వకముగా వెళ్లిరి. గాయము లేకుండ తిరిగి వచ్చిరి. అయినను దావీదు ఆ నీళ్లు త్రాగలేకపోయెను. అవి ప్రాణములకు తెగించినవారి రక్తమువలె అతనికి కనబడెను. యెహోవా సన్నిధిని వాటిని పారబోసెను.

నీళ్లు వ్యర్థము చేసెనేమని తొందరపడి అడుగుదుము. కాని అతడు చూచినదేమనగా, తన నోటినుండి జారిన ఒక చిన్న కోరిక ముగ్గురి ప్రాణములతో తూగెను. వారి ఇష్టము ఆ తూకమును మార్చలేదు. వారు క్షేమముగా వచ్చుటయు మార్చలేదు. మనకైతే నక్షత్రము వెలిగినచో చాలును. దాని వెల ఎంతయో అడుగము. పనివాడు క్షేమముగా దిగిన ప్రతి సంవత్సరము మనము దావీదు చూచినదానిని చూడక దాటిపోయినవారమే.

చట్టము వచ్చెను గదా, ఇక మనకేమి విచారమని ఎవరైన అనవచ్చును. చట్టము మంచిది, దానిని ఎరిగియుండుట మన విధి. అయినను ప్రతి చట్టమునకు ఒక హద్దు ఉండును. 1897 నాటి బ్రిటిషు చట్టములో కట్టడమును గూర్చిన భాగము ముప్పది అడుగులకు మించిన ఎత్తుగలవాటికే చెల్లెను. ఇరువది అడుగుల ఇంటిమీదనుండి పడినవాని మెడ కూడ అట్లే విరుగును గదా! మన దేశములో 1996లో కట్టడపు కార్మికుల కొరకు ప్రత్యేకమైన చట్టము చేయబడెను. అది పదిమంది లేక అంతకంటె ఎక్కువమంది పనిచేయు చోట్లను ఉద్దేశించినది. సొంత నివాసము కట్టుకొనువాని ఖర్చు పది లక్షల రూపాయలకు మించనిచో అతనిని విడిచిపెట్టెను. తరువాత 2020లో పార్లమెంటు ఆమోదించిన కార్మిక స్మృతులలో దానిని చేర్చిరి. హద్దును అడుగులతో గీసినను, తలలతో గీసినను, రూపాయలతో గీసినను, దానికి ఆవల ఎల్లప్పుడు కొందరు మిగిలియుందురు. మన దేవాలయమునకు సున్నము వేయు ఇద్దరు, మన ఇంటి డాబామీద నీళ్లతొట్టి బిగించు ఒకడు సాధారణముగా ఆవల నుండువారే. అక్కడ తనిఖీ అధికారి రాడు. మనస్సాక్షి ఒక్కటే రావలెను.

దేవుని చిత్తమా?

మూడవ మాటను భయముతో తాకుచున్నాము. దేవుని చిత్తము లేక పిచ్చుకయు నేలపడదని నమ్ముచున్నాము. అయితే మేమా మాట చెప్పిన సమయమును బట్టి మమ్మును మేము పరీక్షించుకొనవలెను. నిచ్చెన నిలుపుటకు ముందు మేము దేవుని చిత్తమును అడుగలేదు. నిచ్చెన పడిన తరువాత ఆ చిత్తమును మాకు ఆశ్రయముగా చేసికొంటిమి. ఆ అబ్బాయిని పిలిచిన స్వరము పరలోకమునుండి వచ్చినది కాదు. అది మా స్వరమే.

మరికొందరు పనికి ముందే, "దేవుని పని గదా, ఆయనే కాపాడును" అందురు. ఇది విశ్వాసమువలె వినబడును. కాని శోధకుడు ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి పలికినది ఇటువంటి మాటయే. దూతలు పట్టుకొందురు, దుముకుమని వాడు లేఖనమెత్తి చెప్పెను. ఎత్తైన చోట, దేవాలయముమీదనే, వాక్యముతోనే ఆ శోధన వచ్చుట గమనించుడి. దేవుని శోధింపరాదని ప్రభువు చెప్పి దుముకుటకు ఒప్పుకొనలేదు. ఆయన తన ప్రాణమునే అట్లు పరీక్షకు పెట్టనప్పుడు, మనము కూలివాని ప్రాణమును ఏ అధికారముతో పెట్టుదుము? మన విశ్వాసమునకు మరియొకని ఎముకలు పందెము కారాదు.

పని ఆరంభమునకు ప్రార్థించుట మంచిదే. ఆ దినమున మేమును ప్రార్థించితిమి. ప్రార్థనకు జోడించిన చేతులతో రెండు మూరల త్రాడు కట్టియుండినచో ప్రార్థనలో ఏమియు తక్కువపడియుండెడిది కాదు.

పిట్టగోడ

మోషే ధర్మశాస్త్రములో ఇండ్లు కట్టువారికి ఒక చిన్న నియమమున్నది. క్రొత్త యిల్లు కట్టువాడు పైకప్పు చుట్టు పిట్టగోడ పెట్టవలెను. లేనియెడల పైనుండి ఎవడైన పడినచో ఆ రక్తదోషము ఆ యింటిమీదికి వచ్చును. ఆ దేశపు ఇండ్లు మన డాబాలవలె చదునైనవి. జనులు వాటిమీద పండుకొందురు, జనుపకట్టె ఎండబెట్టుదురు, ప్రార్థింతురు. ఎవరో ఒకరు నిద్రమత్తులో అంచుదాక పోవుదురని ధర్మశాస్త్రమునకు తెలియును.

ఈ నియమములో మూడు సంగతులు మమ్మును ఆపుచున్నవి. మొదటిది, పడినవాడెవడో ముందుగా పేరు లేదు. అతిథి కావచ్చును, దాసుడు కావచ్చును, అజాగ్రత్తగలవాడు కావచ్చును. జాగ్రత్తగా నడచినవానికే పిట్టగోడ అని చెప్పబడలేదు. నిజమునకు పిట్టగోడ అవసరమైనది అజాగ్రత్తగలవానికే. రెండవది, యజమానుడు ఎవనిని త్రోయలేదు. అతడు చేసినది ఏమియు లేదు. చేయనిదే అతని దోషము. మూడవది, గోడ కట్టవలసినది ఇల్లు కట్టుచున్నప్పుడే. పడిన తరువాత కట్టు పిట్టగోడ తరువాతి వానికి మేలు గాని, పడినవానికి కాదు. చందా, ఆసుపత్రి, పరామర్శ, ఇవన్నియు పడిన తరువాతి ప్రేమ. పడకముందు చేయదగిన ప్రేమకు రూపము త్రాడు, పరంజా, మరునాటివరకు ఓపిక.

నిర్గమకాండములో దీనికి తోడైన మరి రెండు నియమములున్నవి. గొయ్యి త్రవ్వి కప్పకపోయినవాడు అందులో పడిన పశువునకు నష్టము ఇచ్చుకొనవలెను. పొడుచునని తెలిసియు ఎద్దును కట్టనివాని దోషము తెలియనివాని దోషముకంటె మిక్కిలి ఘోరము. మన సంఘపు సామానుగదిలో మెట్టు కదిలిన నిచ్చెన ఉన్నదని మనకు తెలిసియున్నచో, అది పొడుచు ఎద్దు. దానిని పొరుగువానికి ఎరువిచ్చుటయు ఆ ఎద్దును వీధిలోనికి తోలుటయే.

ఇక్కడ న్యాయమైన ప్రశ్న ఒకటి రావచ్చును. అన్ని భారములును పని చెప్పువానిమీదనే పెట్టినచో పనివానికి బాధ్యత లేదా? మంచి నిచ్చెన, త్రాడు, నడుముపట్టీ ఇచ్చినను, "ఇవి నాకెందుకు, ముప్పది ఏండ్లనుండి ఎక్కుచున్నాను" అని త్రోసివేయువారు లేరా? ఉన్నారు. అట్టివాడు తన భార్యకును బిడ్డలకును ఋణస్థుడు. ఆ మాట అతనితో నిక్కముగా చెప్పవలెను, వినకున్నచో పని ఆపవలెను. కాని అతని బాధ్యత ఉండుటవలన మనది తగ్గదు. బాధ్యత రొట్టె కాదు, ఒకడు తినినకొలది మరియొకనికి తగ్గుటకు. ఇద్దరికిని పూర్తి వంతు కలదు. పైనున్నవాడు తన వంతు మరచినప్పుడు పడువాడు అతడే. క్రిందనున్నవాడు తన వంతు మరచినప్పుడును పడువాడు అతడే. ఈ తేడాయే మన వంతును మరింత బరువైనదిగా చేయుచున్నది.

మనము చేయదగినది

ఈ మాసములో మన సంఘములలోను ఇండ్లలోను కొన్ని పనులు చేయవచ్చును. నిచ్చెనలన్నిటిని వెలుగులోనికి తెచ్చి మెట్టు మెట్టునకు చూడుడి. చీలినదానిని, పుచ్చినదానిని ఎవరికిని ఇయ్యక నరికి పొయ్యిలో పెట్టుడి. ఒక గంటకు మించు పనికి, రెండు చేతులు కావలసిన పనికి నిచ్చెన కాదు, పరంజా కట్టించుడి. ఆ ఖర్చును నక్షత్రపు ఖర్చులోనే వ్రాయుడి. నిచ్చెన పట్టుకొనువానికి ఆ పని ముగియువరకు వేరే పని చెప్పవద్దు. బిషపుగారు వచ్చినను అతనిని పిలువవద్దు. పనివాడు "ఊగుతున్నది" అనినచో ఆ మాటతో ఆ దినపు పని ఆగవలెను. ఆగిన దినపు కూలి అతనికి ఇయ్యవలెను. కూలి పోవునను భయము తీసివేసినప్పుడే అతడు మనకు నిజము చెప్పగలడు. కట్టడపు కార్మికుల సంక్షేమ మండలిలో అతడు పేరు నమోదు చేసికొన్నాడో లేదో అడిగి, లేనిచో కాగితములు నింపుటకు సహాయపడుడి. మన యౌవనస్థులకు ఇది తగిన సేవ.

మెదకు దేవాలయమును చూచినవారందరు 175 అడుగుల ఆ గోపురమును తలయెత్తి చూచి ఆశ్చర్యపడుదురు. 1924 క్రిస్మసు దినమున అది ప్రతిష్ఠింపబడెను. కరవు కాలమున కూలి దొరకని జనులకు ఆ పని అన్నము పెట్టెనని మన పెద్దలు సంతోషముతో చెప్పుదురు, అది నిజమే. దానిని చూచునప్పుడు మరియొక తలంపు కూడ మనకు రావలెను. ఆ రాళ్లు తమంతట తాము పైకి పోలేదు. ప్రతి వరుసయొద్దను ఒక మనిషి నిలిచెను. అతని క్రింద ఒక కర్ర నిలిచెను. ఆ కర్రను ఎవడో కట్టెను. కట్టిన ముడి గట్టిదైనందుననే ఆ సాయంకాలము ఒక ఇంటిలో దీపము వెలిగెను.

చివరకు మా పనివానిని గూర్చి ఒక మాట. చాల ఆలస్యముగా, క్రిందటి సంవత్సరము, మేమతని యింటికి వెళ్లితిమి. ఇప్పుడతడు కర్ర ఊతతో నడచుచున్నాడు. కుమారుడు అతనిని పోషించుచున్నాడు. "ఆ దినమున పొరపాటు నీది కాదు. నీవు వద్దన్నావు, మేము వినలేదు. అబ్బాయిని పిలిచినది మేమే" అని చెప్పితిమి. అతడు చాలసేపు ఏమియు అనలేదు. అతని భార్య తలుపునొద్ద నిలిచి కొంగుతో కన్నులు ఒత్తుకొనెను. ఇన్ని సంవత్సరములు ఆమె కూడ అతని కాలే తప్పిందని నమ్మియుండెనని అప్పుడు మాకు తెలిసెను. విరిగిన ఎముకతో పాటు ఆ నిందను కూడ అతనిమీద మోపి వచ్చితిమని అంతవరకు మేము ఎరుగము.

లేచునప్పుడు అతడు మమ్మును ఒక్కటే అడిగెను. "ఈ ఏడు నక్షత్రం ఎవరు కడుతున్నారండీ?" ఫలానివాడని చెప్పితిమి. "నిచ్చెన ఎవరు పట్టుకుంటారు?"

ప్రియులారా, ఈ ప్రశ్నను మీ సంఘములలో ఎవడైన ఎక్కకముందే అడుగుడి.